పీవీ ఎన్నికల రికార్డు: అపోహలు - వాస్తవాలు

జూన్ 28 వస్తోందంటే పీవీ జయంతి వ్యాసాలు మా ఎన్నికల డెస్కు మీద కుప్పపడతాయి. భాషకన్నా లెక్కలు దిద్దడానికే ఎక్కువ పొద్దు పోతుంది.

అపోహ: పీవీ జనంలో గెలిచే నాయకుడు కాదు.

మంథని ఓటర్లు ఈ మాట ఒప్పుకోరు. 1957, 1962, 1967, 1972... వరసగా నాలుగుసార్లు అక్కడి ఎమ్మెల్యే ఆయనే. 1977, 1980లో హనుమకొండ ఎంపీ. మన్మోహన్ రాజ్యసభ నుంచి ప్రధాని అయ్యారు కదా, ఆ ముద్ర పీవీకీ అంటించేశారనుకుంటా.

అపోహ: ఓటమి ఎరుగని నేత.

అభిమానులు రాసేది ఇది. 1952లో కరీంనగర్ లోక్‌సభ స్థానంలో బద్దం ఎల్లారెడ్డి చేతిలో ఓడారు. 1984 ఓటమి ఇంకా పెద్దది. ఇందిర హత్య తర్వాత కాంగ్రెస్ దేశాన్ని ఊడ్చేసిన ఎన్నిక అది. బీజేపీకి దక్కినవి రెండే సీట్లు. ఆ రెండింట్లో ఒకటి హనుమకొండ, గెలిచింది చందుపట్ల జంగారెడ్డి, ఓడింది పీవీ! అయినా ఆయన లోక్‌సభలోనే ఉన్నారు, ఎందుకంటే అదే ఎన్నికలో మహారాష్ట్రలోని రాంటెక్‌లోనూ నామినేషన్ వేసి గెలిచారు. హనుమకొండలో ఓడాక ఉపఎన్నికలో రాంటెక్ వెళ్లారని రాస్తుంటారు, అది తప్పు.

అపోహ: 1991లో నంద్యాల ఏకగ్రీవం.

ప్రధానిగా ప్రమాణం చేసేనాటికి పీవీ ఎంపీ కాదు. ఆరు నెలల్లో పార్లమెంటు సభ్యుడు కావాలి. తెలుగువాడు ప్రధాని అయ్యాడని ఎన్టీఆర్ పోటీ పెట్టలేదు. ఏకగ్రీవం కథ పుట్టింది అక్కడే. బీజేపీ నుంచి బంగారు లక్ష్మణ్ బరిలో ఉన్నారు, పోలింగ్ జరిగింది. మెజారిటీ 5 లక్షల 80 వేల పైచిలుకు. అంకె నిజమే. కానీ ప్రధాన ప్రత్యర్థి లేని పోటీలో వచ్చిన అంకె. దాన్ని జనాదరణకు కొలబద్దగా వాడితే నేను కొట్టేస్తాను. 1996లో అక్కడే తెలుగుదేశం భూమా నాగిరెడ్డిని నిలబెట్టింది. పీవీ గెలిచారు గానీ మెజారిటీ బాగా పడిపోయింది.

అపోహ: లోక్‌సభకు ఏడుసార్లు.

గెలుపులు ఏడు, లోక్‌సభలు ఆరు. 1996లో నంద్యాలతో పాటు ఒడిశాలోని బరంపురంలోనూ గెలిచి, నంద్యాల వదులుకున్నారు. ఆ ఉపఎన్నికలో నాగిరెడ్డి గెలిచారు.

అపోహ: 1998లో ఓడి తప్పుకున్నారు.

పోటీయే చేయలేదు. కాంగ్రెస్ టికెట్ ఇవ్వలేదు.