టీబీ మందులు సరే, తిండి సంగతేంటి? అపోహలు - వాస్తవాలు

టీబీ ఓపీలో కూర్చునే మనందరికీ మాత్రల లెక్క నోటికి వచ్చు. పెద్దవాళ్లలో 35 నుంచి 49 కిలోలైతే రోజుకు మూడు, 50 నుంచి 64 అయితే నాలుగు. అందుకోసం బరువు ఎలాగూ చూస్తాం. దాంతోపాటే ఎత్తు కూడా కొలిచి బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువుందో లేదో చెప్పే లెక్క) రాసేవాళ్లు ఎంతమంది? కార్డులో ఆ గడి చాలాసార్లు ఖాళీగానే ఉంటుంది. దీని వెనక కొన్ని పాత నమ్మకాలున్నాయి. పేషెంట్లవి కొన్ని, మనవి కొన్ని. మనవాటితోనే మొదలుపెడతాను.

అపోహ: మందులు సక్రమంగా వాడితే చాలు, తిండి ఎలా ఉన్నా ఫర్వాలేదు

ఈ మాట ఊరికే పుట్టలేదు. మందులు లేని రోజుల్లో టీబీ వైద్యమంటే శానటోరియమే, అంటే పేషెంట్లను ఉంచి చూసుకునే ఆసుపత్రి. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1915లో మొదలైన శానటోరియం అలాంటిదే. మంచి గాలి, విశ్రాంతి, కడుపు నిండా భోజనం. మందులు వచ్చాక 1956లో మద్రాసులో ఒక అధ్యయనం మొదలైంది. ఒకే మందులు కొందరికి శానటోరియంలో, కొందరికి ఇంటి దగ్గర ఇచ్చి చూశారు. ఇంటి దగ్గర ఉన్నవాళ్లవి ఇరుకు గదులు, అరకొర తిండి. అయినా ఏడాది తిరిగేసరికి రెండు గుంపుల ఫలితాలూ దాదాపు సమానంగా వచ్చాయి. ఇంట్లోవాళ్లకు జబ్బు అంటుకోవడం కూడా ఎక్కువ కాలేదు. 1959లో ఈ ఫలితాలు వెలువడ్డాక ప్రపంచమంతా టీబీ వైద్యం దారి మారింది.

ఆ అధ్యయనం గొప్పదే. ఇంట్లో ఉన్నా మందులు పనిచేస్తాయని అది తేల్చింది. అయితే దాన్ని ఆధారం చేసుకుని తిండిని పక్కన పెట్టేయడం మాత్రం తర్వాతివాళ్లు చేసిన పని. ఆ అలవాటు ఇంకా మన ప్రిస్క్రిప్షన్లలో కనిపిస్తుంది. మందులు నీట్‌గా రాసి, చివర్లో 'మంచి ఆహారం తీసుకోండి' అని ఒక్క ముక్క పడేస్తాం. కూలికి వెళ్లలేక మూడు నెలలుగా ఇంట్లో పడుకున్న మనిషికి ఆ ముక్కతో ఒరిగేదేమీ లేదు.

ఇప్పుడు కొత్త సంగతికి వద్దాం. జార్ఖండ్‌లో నాలుగు జిల్లాల్లో 'రేషన్స్' అనే అధ్యయనం జరిగింది. దీన్ని నడిపింది మంగళూరులోని యెనెపోయ మెడికల్ కాలేజీకి చెందిన డాక్టర్ అనురాగ్ భార్గవ, డాక్టర్ మాధవి భార్గవ బృందం. చెన్నైలోని జాతీయ క్షయ పరిశోధన సంస్థ కూడా ఇందులో ఉంది. ఊపిరితిత్తుల టీబీ ఉన్న 2,800 మందికి మందులతో పాటు నెలకు 10 కిలోల సరుకులు ఇచ్చారు: బియ్యం, పప్పు, పాలపొడి, నూనె. విటమిన్ మాత్రలు అదనం. ఫలితాలు 2023 ఆగస్టులో లాన్సెట్, లాన్సెట్ గ్లోబల్ హెల్త్ వైద్య పత్రికల్లో వచ్చాయి.

చేరిన రోజున నూటికి 80 మందికి పైగా బీఎంఐ 18.5 లోపే ఉంది, అంటే ఉండాల్సిన బరువు లేదు. దాదాపు సగం మందికి 16 కూడా లేదు. మొదటి రెండు నెలల్లో బరువు 5 శాతం పెరిగినవాళ్లలో చనిపోయే ప్రమాదం 61 శాతం తక్కువగా కనిపించింది. 40 కిలోల మనిషికి 5 శాతమంటే రెండే రెండు కిలోలు!

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. పేషెంట్లందరికీ సరుకులు అందాయి కాబట్టి, తిండి లేకపోతే ఏమయ్యేదో ఈ భాగం చెప్పలేదు. బరువు పెరగడం వల్ల బతికారా, కోలుకుంటున్నారు కాబట్టి బరువు పెరిగారా అన్నది పూర్తిగా విడదీయలేం. అయినా మన పనికి ఇది చాలు. రెండో నెల చివరకు బరువు ముల్లు కదలకపోతే ఆ పేషెంటును మామూలు ఫాలో-అప్‌లో వదిలేయకూడదు. తినడానికి ఉందా, మాత్రలు పడక వాంతులవుతున్నాయా, షుగర్ చూశామా, హెచ్‌ఐవీ చూశామా, మందులకు లొంగని రకమా? ఇవన్నీ వరుసగా వెతుక్కోవాలి.

అపోహ: సరుకుల కిట్ పేషెంటుకు ఇవ్వాలి, ఇంట్లోవాళ్లకు ఎందుకు?

నా దృష్టిలో ఈ అధ్యయనం అసలు బలం ఇక్కడే ఉంది. పేషెంట్ల ఇళ్లలో ఉన్న 10,345 మందిని ప్రాంతాల వారీగా లాటరీ పద్ధతిలో రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు మనిషికి నెలకు 5 కిలోల బియ్యం, కిలోన్నర పప్పు, విటమిన్లు ఇచ్చారు. రెండో గుంపు ఇళ్లలో పేషెంటుకు మాత్రమే సరుకులు వెళ్లాయి. తిండి అందిన ఇళ్లలో కొత్తగా టీబీ రావడం 39 శాతం తగ్గింది. పరీక్షలో క్రిమి దొరికిన ఊపిరితిత్తుల టీబీ ఒక్కటే చూస్తే 48 శాతం తగ్గింది. 30 ఇళ్లకు సరుకులిస్తే ఒక కొత్త కేసు ఆగినట్టు లెక్క తేలింది. బియ్యం, పప్పుతో!

పైగా, పేషెంటు ఒక్కడికే కిట్ ఇస్తే ఏమవుతుందో ఇంటింటికీ తిరిగే ఆశా అక్కలను అడగండి. కుండ ఒక్కటే. పప్పు పిల్లల కంచాల్లోకి వెళ్తుంది, పేషెంటుకు చారు మిగులుతుంది. ఆ తల్లిని తప్పుపట్టగలమా?

ఇది గిరిజనులు, పేదలు ఎక్కువగా ఉన్న చోట వచ్చిన ఫలితం. ఇద్దరు ఉద్యోగస్తులున్న అపార్ట్‌మెంట్ ఇంటికి ఇదే లెక్క వర్తిస్తుందని అనుకోవద్దు. కానీ మన ఏజెన్సీ ప్రాంతాలకు, పనులకోసం వలసపోయే కుటుంబాలకు జార్ఖండ్ అంత దూరమేమీ కాదు. 2024 అక్టోబరులో కేంద్రం కూడా నిక్షయ్ మిత్ర కిట్లను (దాతలు టీబీ పేషెంట్లకు ఇచ్చే సరుకులను) పేషెంటు కుటుంబ సభ్యులకు విస్తరించింది. కాబట్టి దాత ఎవరైనా కిట్లు ఇస్తామని వస్తే, ఫొటో అయ్యాక ఇంట్లో ఎంతమంది ఉన్నారో చెప్పి ఆ లెక్కన అడగండి.

కిట్ వెళ్లే ఇంటికే ఎక్స్‌రే పిలుపు కూడా వెళ్లాలి. 2019-21 జాతీయ టీబీ సర్వేలో ఎక్స్‌రే తీయకుండా లక్షణాలనే నమ్ముకుని ఉంటే 42.6 శాతం కేసులు తప్పిపోయేవి. దగ్గు లేదని ఇంట్లోవాళ్లను వదిలేయడానికి లేదు. టీబీ లేదని తేలినవాళ్లకు నివారణ మాత్రలు ఎలాగూ ఉన్నాయి. తిండి వాటికి తోడు.

అపోహ: టీబీ మందులు వేడి, పథ్యం చేయాలి

ఇది పేషెంట్ల వైపు నుంచి వచ్చేది. గుడ్డు వేడి, పప్పు వాతం, పెరుగు కఫం, వేరుశెనగ పైత్యం. ఇవన్నీ తీసేస్తే మిగిలేది చారన్నం. మాత్రలు మొదలుపెట్టగానే మూత్రం ఎర్రగా వస్తుంది, దాంతో వేడి చేసిందన్న నమ్మకం గట్టిపడుతుంది. అది రిఫాంపిసిన్ అనే టీబీ మందు రంగు, భయం లేదని మొదటి రోజే చెబితే సగం పథ్యం అక్కడే ఆగుతుంది. మిగతా సగం కోసం ఇంట్లో వంట చేసేవాళ్లతో మాట్లాడాలి. పేషెంటుతో మాట్లాడితే తల ఊపి వెళ్లిపోతాడు. రోజూ గుడ్డు, ముద్దపప్పు, గుప్పెడు పల్లీలు, బెల్లం అని పేర్లు పెట్టి చెప్పండి. 'ప్రొటీన్ తినండి' అంటే మెడికల్ షాపుకెళ్లి ఖరీదైన పొడి డబ్బా కొంటారు. ఆ డబ్బుతో నెల రోజుల గుడ్లు వస్తాయి.

షుగర్ ఉన్నవాళ్లకు, అప్పటికే బరువు ఎక్కువున్నవాళ్లకు ఈ సలహా మార్చాలి. ఆ మాత్రం చూసుకోవాలి.

అపోహ: ఖాతాలో డబ్బు పడుతోంది కదా

టీబీ పేషెంట్ల తిండి కోసం ప్రభుత్వం నిక్షయ్ పోషణ్ యోజన కింద నెలకు ఇచ్చే 500 రూపాయలను 2024 నవంబరు నుంచి 1,000 చేశారు. మంచిదే. కానీ ఆధార్ లింకు లేకపోయినా, వాడకంలో లేని పాత ఖాతా నంబరు ఇచ్చినా ఆ డబ్బు ఆలస్యమవుతుంది. రెండు నెలల బరువు గురించి ఇంత చెప్పుకున్నాక, డబ్బు నాలుగో నెలలో అందితే ఏం లాభం? పేరు నమోదు చేసే రోజే పాస్‌బుక్ అడిగి ఖాతా సరిచూడండి. బీఎంఐ 18.5 లోపు ఉన్నవాళ్లకు మొదటి రెండు నెలలు శక్తినిచ్చే ప్రత్యేక ఆహారం ఇవ్వాలని కూడా అప్పుడే నిర్ణయించారు. ఎత్తు కొలవకపోతే ఆ అర్హత కాగితం మీదకే రాదు. నిలబడలేని పేషెంటుకు జబ్బ చుట్టుకొలత టేపు వాడండి.

చివరగా ఒకటి, ఇది తరచూ జారిపోతుంది. పేషెంటు తిని కోలుకుంటే మాత్రల లెక్క కూడా మారుతుంది. 33 కిలోలతో రెండు మాత్రల మీద మొదలైన ఆమె 38కి వస్తే మూడు ఇవ్వాలి. ప్రతి నెలా బరువు చూసి, 5 కిలోలు పెరిగి బ్యాండ్ (మాత్రల లెక్కకు పెట్టిన బరువు హద్దు) దాటిందా అని సరిచూసి, అప్పుడే తర్వాతి నెల మందులు చేతికివ్వండి.