పల్నాటి వీరుల కథ నిజమేనా అని అడిగిన పిల్లలకు

ప్రియమైన పిల్లలూ,

అమ్మమ్మ ఆశీస్సులు. మొన్న ఫోన్లో పల్నాటి వీరుల గురించి చెప్తుంటే "ఇదంతా నిజంగా జరిగిందా అమ్మమ్మా?" అని అడిగారు. మంచి ప్రశ్న. ఫోన్లో రెండు ముక్కల్లో తేలేది కాదు కాబట్టి రాస్తున్నాను.

యుద్ధం జరిగింది, 12వ శతాబ్దం చివర్లో. గురజాలలో నలగామరాజు, మాచర్లలో అతని సవతి తమ్ముడు మలిదేవరాజు. అక్కడ మంత్రి నాయకురాలు నాగమ్మ, ఇక్కడ బ్రహ్మనాయుడు. కోడిపందెంలో ఓడిన మాచర్లవాళ్లు రాజ్యం వదిలి ఏడేళ్లు వలస వెళ్లారు. గడువు తీరాక రాజ్యం అడగడానికి రాయబారిగా వెళ్లిన అలరాజుకు విషం పెట్టి చంపారు. అతను నలగామరాజుకి సొంత అల్లుడు! చివరికి కారెంపూడిలో, నాగులేటి ఒడ్డున, అన్నదమ్ములే ఒకరినొకరు నరుక్కున్నారు. దీన్ని పల్నాటి భారతం అని ఊరికే అనలేదు.

అయితే మీకు నచ్చింది బ్రహ్మనాయుడి కొడుకు బాలచంద్రుడి బొంగరం కదా. బొంగరం ఎగిరి ఒక అమ్మాయి కాలికి తగలడం, ఆమె మండిపడి "నీ ప్రతాపం నా మీద కాదు, యుద్ధంలో చూపించు" అనడం, యుద్ధం సంగతి తల్లి ఐతమ్మ తన దగ్గర దాచిందని అతనికి అప్పుడు తెలియడం. ఇది ఇలాగే జరిగిందని ఎవరూ రుజువు చెయ్యలేరు. కానీ యుద్ధానికి పంపడం ఇష్టం లేక కొడుకు దగ్గర మాట దాచిన తల్లి అబద్ధం ఎలా అవుతుంది? శాసనాల్లో రాజుల పేర్లు, దానాల లెక్కలు ఉంటాయి. ఐతమ్మ దిగులు ఉండదు. దాన్ని కథే మోసుకొచ్చింది.

కథ ఎలా మిగిలిందో కూడా చెప్పాలి. శ్రీనాథుడు 15వ శతాబ్దంలో దీన్ని ద్విపదలో రాశాడంటారు. అయితే పల్నాడులో ఈ కథ పుస్తకం మీద ఆధారపడి బతకలేదు. వీరవిద్యావంతులు అనే గాయకులు పంబ, తిత్తి, తాళాలతో రాత్రుళ్లు పాడుతూ నిలబెట్టారు. ఏటా కార్తీక అమావాస్య నుంచి అయిదు రోజులు కారెంపూడిలో వీరారాధన జరుగుతుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు అని ఒక్కోరోజుకి ఒక్కో పేరు, ఒక్కోరోజు కథలో ఒక్కో ఘట్టం. ఆ వీరుల్ని కొలిచే వీరాచారవంతులు తరతరాలుగా తమ ఇళ్లల్లో దాచుకున్న కొణతాలను ఊరూరి నుంచీ తీసుకొస్తారు. అవి ఆ వీరుల ఆయుధాలని వాళ్ల నమ్మకం. వాటికి నాగులేట్లో స్నానం చేయించి వీర్లగుడికి చేరుస్తారు. చివరి రోజు వీరులు ఒరిగిపోతారు. కొణతం పట్టుకున్న మనిషి నేలకొరిగితే చుట్టూ ఉన్నవాళ్లు ఇంట్లో మనిషి పోయినట్టే ఏడుస్తారు. చూడ్డానికి వచ్చినవాళ్లు కాదు వాళ్లు, దుఃఖంలో పాలుపంచుకోవడానికి వచ్చినవాళ్లు.

నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది చాపకూడు. బ్రహ్మనాయుడు అన్ని కులాలవాళ్లనీ ఒకే చాప మీద కూర్చోబెట్టి అన్నం పెట్టించాడని కథ చెప్తుంది. మాల కన్నమదాసుని పెద్దకొడుకుగా చేసుకుని సేనాపతిని చేశాడు. బాలచంద్రుడికి అన్నదమ్ముల్లాంటి స్నేహితులు బ్రాహ్మణుల అనపోతు మొదలుకుని కమ్మరి, కుమ్మరి, చాకలి, మంగలి ఇళ్ల కుర్రాళ్లు. ఇప్పుడు ఒక్క సంగతి గమనించండి. ఈ కథ పాడే వీరవిద్యావంతుల్లో ఎక్కువమంది మాలలు. ఊళ్లో పక్కన కూర్చోనివ్వని రోజుల్లో కూడా, ఒకప్పుడు ఇక్కడే అందరూ ఒక్క చాప మీద తిన్నారని ఆ ఊరి నడిబొడ్డునే పాడి వినిపించారు. కన్నమదాసు పేరు చెరిగిపోకుండా కాపాడింది ఆ గొంతులే. అంత ధైర్యం ఉన్న పాటని "పాతకాలం కట్టుకథ" అని ఎవరైనా తీసిపారేస్తే నాకు ఒళ్లు మండుతుంది.

అలాగని కథ చెప్పిందల్లా ఒప్పేసుకోమనను. నాగమ్మనే తీసుకోండి. చాలా పాటల్లో ఆమె కుట్రలు పన్నే మనిషి. కానీ ఆ కాలంలో భర్త పోయిన ఒక రైతు ఇంటి ఆడమనిషి మంత్రి పదవిలో కూర్చుని రాజ్యం నడిపింది. సైన్యాన్ని ముందుండి నడిపింది. పల్నాడులోనే ఆమెను గొప్ప పాలకురాలిగా తలుచుకునేవాళ్లు బోలెడుమంది. కథని బ్రహ్మనాయుడి వైపువాళ్లు పాడారు కాబట్టి ఆమె అలా మిగిలిందని నా అభిప్రాయం. మీరు రెండు వైపులా విని మీ అభిప్రాయం మీరు ఏర్పరుచుకోండి. నాతో గొడవపడినా సంతోషమే.

ఈసారి కార్తీక అమావాస్యకి సెలవు పెట్టుకుని రండి. నరసరావుపేట దాకా వస్తే అక్కణ్ణుంచి కారెంపూడి తీసుకెళ్లడం నా పని. చాపకూడు రోజు తప్పకుండా ఉండాలి, మనమూ కూర్చుని తినాలి. ఫోన్లో వీడియో తీసుకోండి, కాదనను. కానీ పాడేవాళ్లని అడిగి తీయండి. వాళ్లు కాస్త తీరిగ్గా ఉన్నప్పుడు పక్కన కూర్చుని, ఈ కథ ఎవరి దగ్గర నేర్చుకున్నారో, ఇంట్లో పిల్లలు నేర్చుకుంటున్నారో లేదో అడగండి. బాలచంద్రుడి భార్య మాంచాల గురించి మాత్రం ముందు నన్నే అడగాలి. ఆమె కథ మా అమ్మ చెప్పిన పద్ధతిలో మీకు నేనే చెప్పాలని ఉంది.

మీ
అమ్మమ్మ