ఎడిన్‌బరోలో ఏ పేటలో దిగాలి? మ్యాపు చెప్పని మెట్ల సంగతి: అపోహలు, వాస్తవాలు

నెలకు రెండుసార్లయినా నాకు ఇటువంటి ఫోన్ వస్తుంది. "మేడమ్, హోటల్ వచ్చేసిందని ఫోన్ చూపిస్తోంది, ఇక్కడ చూస్తే హోటల్ లేదు" అని ఒక కంగారు గొంతు, దాని వెనకాల రాళ్ళు పరిచిన వీధిలో సూట్‌కేసు చక్రాల దడదడ, ఇంకాస్త వెనకాల "నేను ముందే చెప్పానా?" అనే మరో గొంతు వినిపిస్తాయి. నేను వారిని అడిగేది కూడా ఎప్పుడూ ఒక్కటే: "మీ పక్కన నడుమెత్తు పిట్టగోడ ఉంటే ఒకసారి కిందికి తొంగిచూడండి." చూసినవారికి అంతస్తుల లోతున మరో వీధి పోతూ కనిపిస్తుంది; వారు వెతుకుతున్న గుమ్మం ఆ కింది వీధిలో ఉంటుంది. వారు నిలబడినది జార్జ్ ది ఫోర్త్ బ్రిడ్జి, కిందనున్నది కౌగేట్. ఫోన్‌లోని మ్యాపుకు పొడవూ వెడల్పూ తెలుసు గాని ఎత్తు పట్టదు కనుక, ఆ రెండు వీధులూ అక్కడ కలుస్తున్నట్టే చూపిస్తుంది.

తొమ్మిదేళ్ళుగా స్కాట్లండ్ రాజధాని ఎడిన్‌బరోకు వచ్చే తెలుగు కుటుంబాలకు బస, ప్రయాణ ఏర్పాట్లు చూడడం నా వృత్తి. అంతకు ముందు రెండేళ్ళు కోట చుట్టూ ఉన్న పాత ఊరు, అంటే ఓల్డ్ టౌన్‌లోని ఒక హోటల్లో రాత్రి షిఫ్టు రిసెప్షనిస్టుగా పనిచేశాను. ఏ పేటలో దిగాలన్న విషయంలో మనవాళ్ళు మూటగట్టుకుని వచ్చే అపోహలు చాలానే ఉన్నా, వాటిలో ఒక్కటి మాత్రం డబ్బును, నిద్రను, మోకాళ్ళను ఒకేసారి తినేస్తుంది. అందుకని ఎక్కువ మాటలు దానికే ఖర్చు పెడతాను.

అపోహ: కోట పక్కన, రాయల్ మైల్ మీద గది దొరికితే అంతకు మించిన బస లేదు, అన్నీ నడిచి చూసుకోవచ్చు.

వాస్తవం: కోట ఉన్నది అగ్నిపర్వత శిల మీద. అక్కడి నుంచి తూర్పున హోలీరూడ్ ప్యాలెస్ దాకా వాలుతూ పోయే కొండ వెన్ను మీద రాయల్ మైల్ నడుస్తుంది. ఆ వెన్నుకు రెండు పక్కలా చేప ముళ్ళలాగ 'క్లోజ్' అనే ఇరుకు సందులు దిగిపోతాయి. వాటిలో చాలావాటికి దారి అంటే మెట్లే. ఉత్తరాన, ఒకప్పుడు నార్ లాక్ అనే చెరువు ఉండిన లోయలో, ఇప్పుడు ప్రిన్సెస్ స్ట్రీట్ గార్డెన్స్, వేవర్లీ స్టేషన్ ఉన్నాయి. దక్షిణాన కౌగేట్ లోయ ఉంది. ఆ లోయ మీదుగా 1788లో తెరిచిన సౌత్ బ్రిడ్జికి 19 కమానులు ఉండగా, ఇరువైపులా భవనాలు కమ్ముకోవడం వల్ల ఈనాడు బయటికి కనిపించేది ఒక్కటే. పైన నడుస్తున్న మనిషికి తాను వంతెన మీద ఉన్న సంగతే తట్టదు. కాబట్టి "స్టేషన్‌కు 300 మీటర్లు" అని బుకింగ్ పేజీలో రాసినది అబద్ధం కాదు గాని, ఆ మూడువందల మీటర్లలో అడ్డంగా పోయేదెంత, నిలువుగా ఎక్కేదెంత అన్నది అందులో ఉండదు. వేవర్లీలో దిగి మార్కెట్ స్ట్రీట్ వైపు బయటికొచ్చినవారికి రాయల్ మైల్ చేరడానికి దగ్గరి దారి ఫ్లెష్‌మార్కెట్ క్లోజ్ మెట్లు. చేతిలో సామాను ఉంటే మెలికలు తిరిగే కోబర్న్ స్ట్రీట్ మీదుగా పోవాలి, అదీ ఎత్తే.

ఇది నేను ఎవరికో జరిగినది చూసి నేర్చుకున్న పాఠం కాదు. నా గ్రాడ్యుయేషన్‌కు అమ్మా నాన్నా రాజమండ్రి నుంచి వచ్చినప్పుడు, వారికి లోటు జరగకూడదని, నా స్తోమతకు మించి అద్దె కట్టి, రాయల్ మైల్‌లో కోట వైపు భాగమైన లాన్‌మార్కెట్ పక్కన ఒక క్లోజ్‌లో నాలుగో అంతస్తు ఫ్లాటు తీసుకున్నాను. ప్రకటనలోని ఫోటోలో కిటికీలోంచి రచయిత వాల్టర్ స్కాట్ స్మారక గోపురం, స్కాట్ మాన్యుమెంట్ నిలువునా కనిపించింది. లిఫ్టు ఉందా అని అడగాలని నాకు తోచలేదు. అంత అద్దె పలికే ఇంటికి లిఫ్టు ఉండదన్న ఊహే రాలేదు. ఉన్నది గుండ్రంగా తిరుగుతూ పోయే రాతి మెట్ల దారి. తరతరాల కాళ్ళ కింద అరిగి, ఒక్కో మెట్టూ నడుమన గిన్నెలాగ గుంటపడి ఉంది. ఆవకాయ జాడీలున్న పెట్టెను నేను మోస్తూ వెనక్కి తిరిగి చూసేసరికి, నాన్న రెండో మలుపు దగ్గర మెట్టు మీద కూలబడి, కండువాతో మెడ తుడుచుకుంటూ, "మోకాళ్ళ పర్వతం తిరుమలలోనే ఉందనుకున్నాను తల్లీ" అన్నారు. మొత్తం 84 మెట్లు. తరువాత నేనే లెక్కపెట్టాను. ఆ నాలుగు రోజుల్లో ఆయన కిందికి దిగినది రెండేసార్లు: ఒకసారి మెక్‌ఈవన్ హాల్‌లో నేను పట్టా అందుకోవడం చూడడానికి, రెండోసారి విమానానికి. కోట గుమ్మం అయిదు నిమిషాల నడకలో ఉండగా ఆయన కోటను చూడనే లేదు.

ఈ ఇళ్ళకు లిఫ్టులు ఎందుకు లేవని కోప్పడి ప్రయోజనం లేదు. ఓల్డ్ టౌన్, న్యూ టౌన్ రెండూ 1995 నుంచి యునెస్కో వారసత్వ జాబితాలో ఉన్నాయి. అక్కడి భవనాలలో చాలావాటికి చట్టబద్ధమైన రక్షణ ఉన్నందున, గోడ కొట్టి లిఫ్టు పెట్టడం యజమాని ఇష్టాన్ని బట్టి జరిగే పని కాదు. ప్రిన్సెస్ స్ట్రీట్‌కు ఉత్తరాన ఉన్న న్యూ టౌన్ వీధులు తిన్నగా ఉంటాయి గనుక అక్కడ ఈ బాధ లేదనుకునేవారు, ఆ టౌన్‌హౌసుల్లో చౌకగా వచ్చే గది తరచుగా వీధి మట్టానికి దిగువన గాని, అటక వంటి పై అంతస్తులో గాని ఉంటుందని గుర్తుంచుకోవాలి. చిరునామాలో 3ఎఫ్2 అని ఉంటే మూడో అంతస్తులో రెండో ఫ్లాటు అని అర్థం. ఇక్కడ అంతస్తుల లెక్క మన దేశంలోలాగే గ్రౌండ్ ఫ్లోర్‌తో మొదలవుతుంది. ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే, మన పెద్దవాళ్ళకు గది బుక్ చేసేది చాలాసార్లు డాలస్‌లోనో అట్లాంటాలోనో ఉన్న అల్లుడు. ఆయనకు ఫస్ట్ ఫ్లోర్ అంటే నేల మట్టం. ఆ ఒక్క మాట తేడాతో అత్తగారు ఇరవై మెట్లు ఎక్కవలసి వస్తుంది.

ఇక రాత్రుల సంగతి. ఓల్డ్ టౌన్‌లో దయ్యాలు తిరుగుతాయట కదా అని నన్ను భయం భయంగా అడిగేవారు ఉన్నారు. నిద్ర చెడగొట్టేది దయ్యాలు కావు, పెళ్ళికి ముందు తాగి సరదా చేసుకోవడానికి వచ్చి గ్రాస్‌మార్కెట్, కౌగేట్ పబ్బుల నుంచి బయటికొచ్చే పెళ్ళికొడుకులు, వారి స్నేహితులు. అక్కడి క్లబ్బులు తెల్లవారుజామున మూడింటి దాకా నడుస్తాయి, రాతి గోడల మధ్య ఒక్క కేక పది కేకలవుతుంది. నేను పనిచేసిన హోటల్లో డెస్కు సొరుగు నిండా ఇయర్‌ప్లగ్గులు ఉండేవి. వీధి వైపు గది ఇచ్చిన ప్రతివారికీ శనివారం రాత్రి అడగకుండానే రెండు జతలు ఇచ్చేవాళ్ళం. ఒకసారి వరంగల్ నుంచి వచ్చిన రిటైర్డ్ మాస్టారి దంపతులు రెండున్నరకు శాలువాలు కప్పుకుని లాబీలోకి దిగి వచ్చి, "ఏమీ అనుకోకు అమ్మా, ఇక్కడ కాసేపు కూర్చుంటాం" అన్నారు. నేను టీ పెట్టి ఇచ్చాను. అంతకు మించి నేను చేయగలిగినదీ లేదు, ఎందుకంటే వెనక వైపు గదులన్నీ నిండిపోయాయి. ఆ గదికి వారు కట్టినది ఊళ్ళో మరెక్కడైనా రెండు రాత్రులు హాయిగా గడపగలిగే మొత్తం.

అలాగని ఓల్డ్ టౌన్‌లో ఎవరూ దిగకూడదని నా ఉద్దేశం కాదు. వీపుకు ఒక బ్యాగు తగిలించుకుని రెండు రోజుల కోసం వచ్చే పాతికేళ్ళ జంటకు అంతకన్నా మంచి చోటు నేను చూపించలేను; తెల్లవారుజామున మనుషులు లేని రాయల్ మైల్ మీద నడవడం వారికే దక్కే భాగ్యం. నేను మాట్లాడుతున్నది పెద్దవాళ్ళు, చంటిపిల్లలు, మనిషికి ఇరవైమూడు కిలోల పెట్టె ఉన్న కుటుంబాల గురించి. అటువంటివారికి నేను మొదట చెప్పేది ఊరి నడుమకు దక్షిణాన ఉన్న న్యూయింగ్టన్. మింటో స్ట్రీట్ పొడవునా పాతకాలపు బంగళాలు గెస్ట్‌హౌసులుగా మారాయి. ముందుగా అడిగితే కింది గది దొరుకుతుంది, పైగా బస్సు కోసం ఎక్కువసేపు నిలబడే పని లేదు. ఆ బస్సు సౌత్ బ్రిడ్జి మీదుగా వెళ్ళి రాయల్ మైల్ నడుమన దించుతుంది, అంటే కొండలో చాలా మట్టుకు ఎక్కేది బస్సు, మీరు కాదు. కోట చూడాలంటే అక్కడి నుంచి ఇంకాస్త ఎక్కాలి, లేదంటే హోలీరూడ్ వైపు దిగుతూ చూసుకుంటూ పోతే చాలు. బస్సులో చిల్లర తిరిగి ఇవ్వరు కాబట్టి కార్డు తాకించడం సుఖం. రెండోది ఊరి నడుమకు పడమరనున్న హేమార్కెట్. విమానాశ్రయం ట్రామ్ అక్కడ ఆగుతుంది, గ్లాస్గో రైళ్ళు అక్కడ ఆగుతాయి, లిఫ్టులున్న కొత్త హోటళ్ళు కూడా ఉన్నాయి. చూడడానికి ఆ వీధుల్లో పెద్ద అందమేమీ లేదు, ఆ మాట దాచను. మర్రీఫీల్డ్ స్టేడియంలో రగ్బీ మ్యాచ్ ఉన్న శనివారం మాత్రం అటు పోవద్దు. ఆ స్టేడియంలో పట్టే అరవైఏడు వేల మందిలో సగం మంది మీ హోటల్ ముందు నుంచే నడుస్తున్నట్టు ఉంటుంది.

అపోహ: ఊరికి ఉత్తరాన ఉన్న రేవు పేట లీత్ మంచి చోటు కాదు.

వాస్తవం: ఈ మాట విన్నప్పుడల్లా నాకు ఓపిక పోతుంది. 1980లలో మత్తుమందుల మూలంగా ఆ రేవుకు వచ్చిన చెడ్డపేరును, అప్పటికి పుట్టనివారు కూడా వాట్సాప్‌లో మోసుకు తిరుగుతున్నారు. లీత్ 1920 దాకా వేరే ఊరు, ఆ తరువాతే ఎడిన్‌బరోలో కలిసింది. ఆ సంగతి లీత్ వాళ్ళు ఇప్పటికీ మరిచిపోలేదు. 2023 జూన్ నుంచి ట్రామ్ లీత్ మీదుగా న్యూహేవన్ దాకా నడుస్తున్నందున, విమానం దిగి ట్రామ్ ఎక్కితే మారవలసిన పని లేకుండా చేరవచ్చు. నీటి ఒడ్డున ఉన్న షోర్ వీధిలో ఇప్పుడు ఊళ్ళో పేరున్న రెస్టారెంట్లు ఉన్నాయి, రాణిగారి పాత నౌక బ్రిటానియా కూడా లీత్‌లోనే ఉంది. మనవాళ్ళకు ఇంకో కారణం: ఎడిన్‌బరో హిందూ మందిరం, గురుద్వారా రెండూ లీత్‌లోనే ఉన్నాయి. అర్ధరాత్రి ఒంటరిగా నడిచేటప్పుడు ఎక్కడైనా పెట్టుకునే జాగ్రత్త ఇక్కడా పెట్టుకుంటే సరిపోతుంది.

అపోహ: యూనివర్సిటీ ఎడిన్‌బరోలోనే ఉంది కనుక ఊరి నడుమ దిగితే చాలు.

వాస్తవం: పిల్లల గ్రాడ్యుయేషన్‌కు జీవితంలో ఒక్కసారి సముద్రాలు దాటి వచ్చే తల్లిదండ్రుల ఆందోళన నాకు తెలుసు, అందుకే చెబుతున్నాను: ముందు ఏ యూనివర్సిటీయో చూడండి. హెరియట్-వాట్ క్యాంపస్ ఊరికి పడమర అంచున రికార్టన్‌లో ఉంది, క్వీన్ మార్గరెట్ తూర్పున మజల్‌బరా దగ్గర ఉంది. నేపియర్‌కు మూడు వేరువేరు క్యాంపస్‌లు ఉన్నా, పట్టాలు మాత్రం ఊరి నడుమ అషర్ హాల్‌లో ఇస్తూ వచ్చారు. అబ్బాయి చదివేది ఎక్కడ, గౌను వేసుకునేది ఎక్కడ అన్నవి రెండు ప్రశ్నలు. రెండో ప్రశ్నకు జవాబు తెలిసేదాకా గదికి డబ్బు కట్టవద్దు.

అపోహ: ఆగస్టులో గ్లాస్గోలో దిగి రోజూ రైల్లో వచ్చిపోతే చవక.

వాస్తవం: ఒంటరివారికి, పగటి పూట తిరిగేవారికి నిజమే, రైలు ప్రయాణం సుమారు యాభై నిమిషాలు. అయితే ఆగస్టులో ఫ్రింజ్ అనే కళల పండుగ, కోట ముందు సైనిక బ్యాండ్ల ప్రదర్శన అయిన మిలిటరీ టాటూ చూడడానికే కదా వచ్చేది. అవి రాత్రి పొద్దుపోయాక ముగుస్తాయి. నిద్రమత్తులో ఉన్న పిల్లలను భుజాన వేసుకుని చివరి రైలు కోసం వేవర్లీలోకి దిగే కుటుంబాలను చూస్తే జాలి వేస్తుంది. తేదీలు మీ చేతిలో ఉంటే సెప్టెంబరులో రండి. విమానాశ్రయం దగ్గరి హోటళ్ళదీ ఇటువంటి చవకే: ఊళ్ళోని ట్రామ్ టికెట్ ధర ఇంగ్లిస్టన్ దాకానే వర్తిస్తుంది, ఆ తరువాతి ఒక్క స్టేషన్‌కు, అంటే విమానాశ్రయానికి, అంతకన్నా చాలా ఎక్కువ కట్టాలి. నలుగురు రోజూ అలా తిరిగితే గదిలో మిగిలినది ట్రామ్‌లో పోతుంది.

అపోహ: ఫ్లాటు తీసుకుంటే ఇంట్లో ఉన్నట్టే వండుకోవచ్చు.

వాస్తవం: వండుకోవచ్చు, కాని 2022 ఫిబ్రవరి నుంచి స్కాట్లండ్‌లో ప్రతి ఇంట్లోనూ అలారాలు ఒకదానితో ఒకటి కలిపి ఉండాలన్న నియమం ఉంది, ఒకటి మోగితే అన్నీ మోగుతాయి. వంటగదిలో పెట్టేది వేడిని పసిగట్టేది, హాల్లో పెట్టేది పొగను పసిగట్టేది. కాబట్టి వంటగదికి తలుపు లేని ఫ్లాటులో ఎండుమిరపకాయల పోపు వేయకండి, వేస్తే మేడంతా మీ గుమ్మం ముందు నిలబడుతుంది. ప్రకటనలో లైసెన్సు నంబరు లేని ఫ్లాటుకు ఎంత చవకైనా అడ్వాన్సు పంపకండి. ఇక్కడ తక్కువ రోజుల అద్దె ఇళ్ళకు లైసెన్సు తప్పనిసరి, ఆ నంబరు ప్రకటనలో ఉండాలి. 2026 జూలై 24 నుంచి ఉండేవారి బిల్లులో కనిపించే అయిదు శాతం లెవీ, అంటే సందర్శకుల పన్ను, హోటల్‌వారి మోసం కాదు, అది నగరపాలక సంస్థ విధించినది. వరుసగా ఎన్ని రోజులున్నా మొదటి అయిదు రాత్రులకే పడుతుంది.

బుక్ చేసేముందు యజమానికి నేను పంపించే సందేశంలో ఒక్కటే ప్రశ్న ఉంటుంది: వీధిలో కారు ఆగిన చోటు నుంచి మంచం దాకా మెట్లు ఎన్ని? లిఫ్టు ఉందా అని అడిగితే ఉందనే జవాబు వస్తుంది, ఆ లిఫ్టుకు ముందున్న పద్నాలుగు మెట్ల ఊసు రాదు. పోయిన వారం గుంటూరు కుటుంబం ఒకటి ఎంచుకున్న ఓల్డ్ టౌన్ ఫ్లాటు యజమానికి ఇదే పంపితే, ఆయన మర్యాదగా వెళ్ళి లెక్కపెట్టి 71 అని రాశారు. ఆ ఇంటి పెద్దావిడకు మోకాలి ఆపరేషన్ అయి ఎనిమిది నెలలే అయింది. ఇప్పుడు వారికి న్యూయింగ్టన్‌లో, గుమ్మం ముందు రెండే మెట్లున్న గది తీసిపెట్టాను.