వోల్టు మీటరు చెప్పని సంగతి

ఇన్వర్టర్ మీద పచ్చలైటు వెలుగుతోంది, మీటరు పెడితే 12.7 వోల్టులు. ఇక బ్యాటరీకి ఢోకా లేదనుకుంటాం. తీరా కరెంటు పోయాక అరగంటకే ఫ్యాన్లు ఆగిపోతాయి.

మీటరు అబద్ధం చెప్పలేదు. సీసపు బ్యాటరీలో ఒక్కో సెల్ వోల్టేజి ముఖ్యంగా ఆమ్లం గాఢతను బట్టి ఉంటుంది. ఆమ్లం సాంద్రతకు 0.84 కలిపితే దాదాపు ఆ సెల్ వోల్టేజి వస్తుంది: 1.26కి 2.10 వోల్టులు, ఆరు సెల్స్‌కు 12.6. ఈ లెక్కలో కరెంటును దాచుకునే సీసపు పలకల ఊసే లేదు. వాటిమీది పదార్థంలో సగం రాలిపోయినా, మిగిలిన సగం ఛార్జ్ అయితే చాలు, వోల్టేజి నిండుగానే కనిపిస్తుంది. ట్యాంకులో సగం బురద పేరుకున్నా నీటిమట్టం పైఅంచునే ఉన్నట్టు.

చెన్నై ఎండలకు ఈ ముప్పు మరీ ఎక్కువ. ఉష్ణోగ్రత సుమారు 10 డిగ్రీలు పెరిగితే బ్యాటరీ ఆయుష్షు సగమవుతుందని ఒక అంచనా. టీ నగర్‌లోనో పెరంబూరులోనో మనవాళ్ల ఇళ్లలో పడమటి బాల్కనీలో మగ్గే బ్యాటరీలను చూస్తే నాకు బాధగా ఉంటుంది.

నీళ్లు పోసే రకమైతే ఆమ్లం సాంద్రత కొలిచే హైడ్రోమీటర్ చక్కని సాధనం. పూర్తిగా ఛార్జ్ చేశాక ఆరు సెల్స్‌లోనూ సాంద్రత చూడాలి. అయిదింటిలో 1.24 ఉండి ఒకదానిలో 1.18 ఉంటే దోషం ఆ సెల్‌లోనే. వరుసలో బలహీనమైనదే మొత్తాన్ని ఆపేస్తుంది. డిస్టిల్డ్ వాటర్ పోసిన వెంటనే మాత్రం కొలవకూడదు, నీరు ఇంకా కలిసి ఉండదు. ఆమ్లం కళ్లలో పడకుండా రక్షణ కళ్లద్దాలు తప్పనిసరి. ఛార్జింగ్‌లో వెలువడే హైడ్రోజన్ గాలిలో 4 శాతం చేరితే నిప్పురవ్వకే అంటుకుంటుంది కాబట్టి కిటికీలు తెరిచి ఉంచాలి.

మూతలు లేని రకానికి అంతర్నిరోధం, అంటే బ్యాటరీ లోపల కరెంటుకు ఎదురయ్యే అడ్డు, కొలిచే పరికరాలున్నాయి. కొత్తలో తీసిన కొలతతో పోల్చితేనే వాటికి విలువ.

అసలైన పరీక్ష భారం మోపడమే. పూర్తి ఛార్జ్ తర్వాత ఇన్వర్టర్‌కు మెయిన్ ఆపి, ఎప్పుడూ వాడే ఫ్యాన్లూ లైట్లే నడిపించి, 10.5 వోల్టులకు దిగేందుకు పట్టిన సమయం రాసుకోవాలి. కొత్తలో అదే భారంతో నాలుగు గంటలు వచ్చి, ఇప్పుడు మూడు గంటల పది నిమిషాలకే దిగిపోతే సామర్థ్యం కొత్తలో ఉన్నదానిలో దాదాపు 80 శాతానికి పడిపోయినట్టే. ఆసుపత్రుల్లో, టెలిఫోన్ ఎక్స్ఛేంజీల్లో మార్చాల్సిన హద్దు అదే. ఈశాన్య రుతుపవనాలు అక్టోబరులో మొదలవుతాయి కాబట్టి ఇక్కడ ఈ పని సెప్టెంబరులో చేయాలి. పరీక్ష కాగానే తిరిగి ఛార్జింగ్ పెట్టాలి, ఖాళీగా వదిలేస్తే పలకల మీద ఏర్పడిన సల్ఫేటు గట్టిపడుతుంది.