బేస్ క్లాసులో చెయ్యి పెట్టేముందు ఒక్క మాట

పిల్లలూ,

హన్మకొండ నుంచి తాత రాస్తున్నాను. మొన్న వీడియో కాల్‌లో చిన్నోడు "తాతా, ఆ లైబ్రరీలో బేస్ క్లాస్ మాకు కావలసినట్టు లేదు, ఫైల్ తెరిచి మార్చేశాను, నడుస్తోంది" అన్నాడు. లైబ్రరీ అంటే వేరేవాళ్లు రాసిపెట్టిన కోడ్, బేస్ క్లాస్ అంటే అందులో మిగతా క్లాసులు వారసత్వంగా తీసుకునే ఉమ్మడి మూస. నడుస్తుంది బిడ్డా, నేనూ ఒకప్పుడు అలాగే నడిపించాను. అందుకే ఫోన్‌లో తొందరగా చెప్పేయకుండా తీరిగ్గా కూర్చొని రాస్తున్నా.

ఎనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి దుకాణానికి తక్‌పట్టీలు ప్రింటయ్యే ప్రోగ్రాం రాశాను. బస్తాలెన్ని, కాంటా మీద ఎంత తూగింది, క్వింటాల్ ధరెంత, రైతుకు రావలసిందెంత, అన్నీ ఆ చీటీలోనే ఉంటాయి. 'సరుకు' అని ఒక బేస్ క్లాస్, దాని కింద, దాని కోడ్‌నే వాడుకునే మిర్చి, మక్కలు, పత్తి అని మూడు చైల్డ్ క్లాసులు. బేస్‌లో 'నికర బరువు' అనే మెథడ్, అంటే ఒక లెక్క చేసే కోడ్ ముక్క, కాంటా బరువును ఉన్నదున్నట్టు ఇచ్చేది. ఒకరోజు సేటు మిర్చికి బస్తాకు కిలో చొప్పున సంచి బరువు తీసేయాలన్నాడు. ఒక్క లైనే కదా అని బేస్ క్లాసులోనే మార్చేసి ఇంటికి వచ్చేశాను.

మిర్చి చీటీలు సరిగ్గానే వచ్చాయి. వారానికి ఒక రైతు మక్కల చీటీ పట్టుకొని వచ్చాడు. ఆయన మక్కలు రాశి పోసి తూకం వేశారు, సంచుల్లో నింపింది ఆ తర్వాత, అంటే తూకంలో సంచి లేనే లేదు. అయినా 60 బస్తాలకు 60 కిలోలు కోసేసింది నా ప్రోగ్రాం. చీటీ వెనక పెన్నుతో వేసిన లెక్క నా ముందు పెట్టాడు, ఒక్క మాట కూడా గట్టిగా అనలేదు. ఆ వారం మక్కల చీటీలన్నీ తీసి, ఎవరికెంత తక్కువ పడిందో లెక్కగట్టి, సేటుతో ఇప్పించేదాకా నాకు నిద్ర పట్టలేదు.

చేయాల్సింది చాలా చిన్న పని. మిర్చి క్లాసులో అదే 'నికర బరువు' పేరుతో ఇంకో మెథడ్ రాయాలి, దీన్నే ఓవర్‌రైడ్ అంటాం. అందులో ముందు 'సూపర్' ద్వారా బేస్ మెథడ్‌ను పిలిచి, వచ్చిన బరువులోంచి సంచులది తీసేయాలి. అలా పిలిస్తే, రేపు బేస్‌లో ఏదైనా లెక్క సరిచేసినా అది మిర్చికీ అందుతుంది. బిల్లు వేసే మెథడ్ బేస్‌లోనే ఉంటుంది, దాన్ని ముట్టుకోనక్కర్లేదు. అది 'నికర బరువు' అడిగినప్పుడు మిర్చి ఆబ్జెక్ట్ (ఆ క్లాసు నుంచి తయారైన ఒక సరుకు) అయితే మిర్చి లెక్క, మక్కలైతే మక్కల లెక్క పలుకుతుంది. నార్వేలో ఓలె-యోహాన్ దాల్, క్రిస్టెన్ నైగార్డ్ 1967లో సిమ్యులా అనే ప్రోగ్రామింగ్ భాషతో ఈ దారి వేశారు, సీ ప్లస్ ప్లస్‌లో మీరు చూసే 'వర్చువల్' అన్న మాట అక్కడిదే.

భాషను బట్టి పద్ధతి మారుతుంది. పైథాన్‌లో మామూలుగా ఏ మెథడ్‌నైనా మార్చుకోవచ్చు. సీ ప్లస్ ప్లస్‌లో బేస్ రాసినవాళ్లు 'వర్చువల్' అని పెట్టి ఉంటేనే ఇది సరిగ్గా పనిచేస్తుంది. జావాలో 'ఫైనల్' అని రాసి ఉంటే తలుపు మూసినట్టే, ఆ మెథడ్‌ను ఓవర్‌రైడ్ చేయలేం. జావాలో పేరు ఒక్క అక్షరం తప్పు రాస్తే ఓవర్‌రైడ్ కాకుండా చప్పుడు చేయక కొత్త మెథడ్ తయారవుతుంది, కాబట్టి పైన 'ఓవర్‌రైడ్' గుర్తు పెట్టండి, కంపైలరే పట్టేస్తుంది. పైథాన్‌లో చైల్డ్ క్లాసుకు సొంత 'ఇనిట్' (ఆబ్జెక్ట్ తయారయ్యేటప్పుడు మొదట నడిచే మెథడ్) రాసి సూపర్‌ను పిలవడం మరిచిపోతే, బేస్ పెట్టాల్సిన విలువలు ఉండవు, ఎక్కడో దూరంగా ఎర్రర్ వస్తుంది.

ఇంకోటి, బేస్ కిలోల్లో ఇస్తానంటే చైల్డ్ కూడా కిలోల్లోనే ఇవ్వాలి, క్వింటాళ్లలో కాదు. కంప్యూటర్ శాస్త్రవేత్త బార్బరా లిస్కోవ్ 1987లో ఒక ప్రసంగంలో చెప్పింది ఇదే: బేస్‌ను నమ్మి రాసిన కోడ్, చైల్డ్ వచ్చినా చెడిపోకూడదు.

పత్తి క్లాస్ మీరు రాయండి. తేమ 8 శాతం దాటితే సీసీఐ (పత్తి కొనే ప్రభుత్వ సంస్థ) ధర తగ్గిస్తుంది, 12 దాటితే కొనదు. అంటే ఇక్కడ మారేది బరువు కాదు, ధర. నా పాత బేస్‌లో ధర లెక్క బిల్లు మెథడ్ మధ్యలో ఇరుక్కుని ఉంది, ఓవర్‌రైడ్ చేయడానికి వేరుగా లేదు. ఇలాంటప్పుడు మాత్రం బేస్‌ను తెరవొచ్చు. ఆ ముక్కను 'ధర' అని విడి మెథడ్‌గా తీయండి, మిర్చి, మక్కల పాత చీటీలు మళ్లీ ప్రింట్ చేసి ఒక్క రూపాయి కూడా తేడా రాలేదని చూసుకున్నాకే పత్తి జోలికి వెళ్లండి. పాత చీటీల కట్ట నా బీరువాలో ఉంది, దసరాకు వచ్చినప్పుడు ఇస్తాను.

మీ తాత