మలం మందుగా ఎలా పనిచేస్తుంది?

ఒకరి మలాన్ని ఇంకొకరి పేగులోకి ఎక్కించి జబ్బు తగ్గిస్తారట, నిజమేనా అని ఒక పాఠకురాలు అడిగారు. నిజమే. అమెరికాలోని డెన్వర్‌లో బెన్ ఐస్‌మన్ అనే సర్జన్ నలుగురు రోగులకు ఎనిమాగా ఇచ్చి బాగుచేసినట్టు 1958లోనే ప్రచురించారు.

ఇది బాగా పనిచేసేది సి.డిఫ్ అనే బాక్టీరియా తెచ్చే విరేచనాల మీద. ఎంటీబయాటిక్స్ వాడాక పట్టుకునే జబ్బు ఇది. వాంకోమైసిన్ అనే మరో ఎంటీబయాటిక్ ఇస్తే తగ్గుతుంది, కొందరిలో మళ్లీ మళ్లీ తిరగబెడుతుంది. అలాంటి వాళ్ల మీద ఆమ్‌స్టర్‌డామ్‌లో చేసిన పరీక్ష ఫలితాలు 2013లో వచ్చాయి. మలం ఎక్కించిన 16 మందిలో 15 మందికి నయమైంది. వాంకోమైసిన్ మాత్రమే తీసుకున్న 13 మందిలో నలుగురికే!

ఎందుకింత తేడా? తుంగ పట్టిన పొలాన్ని తలచుకోండి. మందు కొడితే పైన ఆకు మాడుతుంది, మట్టిలో గడ్డలు అలాగే ఉంటాయి. పైరు కూడా పోయిందంటే ఇక తుంగదే రాజ్యం. సి.డిఫ్‌కి ఆ గడ్డల్లాంటివి స్పోర్లు, అంటే గట్టి పెంకులో నిద్రాణంగా ఉండే దాని రూపాలు. వాంకోమైసిన్ వాటిని చంపలేదు, పైపెచ్చు పేగులోని మంచి బాక్టీరియాను కూడా ఊడ్చేస్తుంది.

స్పోర్లను మొలిపించేది మన పైత్యరసమే. పైత్యరసం కొవ్వుల్ని ఎమల్సీకరణం చేస్తుందని, అంటే చిన్న చిన్న బొట్లుగా విడగొడుతుందని క్లాసులో చెప్పి వదిలేస్తాం. అసలు కథ పెద్దపేగులో ఉంది. పైత్యంలోని టారోకోలేట్ అనే లవణం తగిలితే స్పోరు మొలకెత్తుతుంది. ఆరోగ్యంగా ఉన్న పేగులో బాక్టీరియా ముందుగా దాని టారిన్ ముక్కను కత్తిరిస్తాయి. తర్వాత క్లాస్ట్రిడియం సిండెన్స్ లాంటి అతికొద్ది రకాలు ఏడో కార్బన్ మీది హైడ్రాక్సిల్ అనే ఆక్సిజన్-హైడ్రోజన్ ముక్కను తీసేస్తాయి. అప్పుడు తయారయ్యే డీఆక్సీకోలేట్ సి.డిఫ్‌ను ఎదగనివ్వదు. మొలిపించే పదార్థాన్నే అణచివేసే పదార్థంగా మార్చడం ఎంత అద్భుతం! ఈ రోగుల మలంలో డీఆక్సీకోలేట్ దాదాపు ఉండదు; దాత మలం ఎక్కించాక మళ్లీ కనిపిస్తుంది.

పెద్దపేగు వాచి పుండ్లు పడే అల్సరేటివ్ కొలైటిస్‌లో ఫలితాలు ఇంత గొప్పగా లేవు, కొందరికే ఉపశమనం దొరికింది. కడుపునొప్పితో విరేచనాలో మలబద్ధకమో వేధించే ఐబీఎస్‌లో ఒక పరీక్షకీ ఇంకో పరీక్షకీ పొంతన లేదు.

సహజమైనది కదా, ఇంట్లోనే చేసుకుందాం అనుకోవద్దు. సహజమైనదేదీ హాని చేయదన్న నమ్మకం మనలో బాగా పాతుకుపోయింది, నాకు భయం దాని గురించే. మందులకు లొంగని ఇ.కోలై అనే బాక్టీరియా దాత మలం ద్వారా ఇద్దరికి సోకిందనీ, ఒకరు చనిపోయారనీ 2019లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది. దాత రక్తాన్నీ మలాన్నీ క్షుణ్ణంగా పరీక్షించాల్సిందే.

2023లో అదే ఎఫ్‌డీఏ వోస్ట్ అనే క్యాప్సూల్‌ను అనుమతించింది. దాత మలాన్ని ఆల్కహాల్‌తో శుద్ధిచేసి, బతికి మిగిలిన మేలుచేసే స్పోర్లతో దాన్ని తయారుచేస్తారు. రోజుకు నాలుగు చొప్పున మూడు రోజులు మింగాలి.