కరెంటు పొయ్యి కొనే ముందు

పిల్లలూ,

పొయ్యి, స్కూటరు అన్నీ ఇక కరెంటు మీదనే నడుస్తయని బడిలో వింటున్నరు కదా. మంచిదే. కానీ బావుల కాడి ట్రాన్స్‌ఫార్మర్ అదే, తీగలూ అవే. పెద్దది పెట్టియ్యాలంటే ఖర్చు. దుబారా తీసేస్తే ఉన్నదాంట్లోనే జాగా దొరుకుతది.

లెక్క చూడండి. 25 కేవీఏ (ట్రాన్స్‌ఫార్మర్ మోయగల బరువు లెక్క అది) ట్రాన్స్‌ఫార్మర్ ఫేజుకు, అంటే మూడు కరెంటు తీగల్లో ఒక్కోదానికి, సుమారు 35 ఆంపియర్లు ఇస్తది. దేవరకొండ దిక్కు లోతు బోర్లలో 5 హెచ్‌పీ మోటరు 8.5 ఆంపియర్లు గుంజిందనుకోండి, నాలుగింటికే 34. ఇంకో పొయ్యికి చోటేది? గుంజిన కరెంటులో నిజంగా పనికొచ్చే వంతును పవర్ ఫ్యాక్టర్ అంటరు. ఆ మోటరుది 0.8 ఉంటే, సరిపడా కెపాసిటర్ (పనికిరాని ఆ వంతును లైను నుంచి గుంజకుండ మోటరు కాడనే తీర్చే డబ్బా) పెట్టి 0.95కు తేవచ్చు. అప్పుడు ఒక్కోటి లైను నుంచి 7.2 మాత్రమే తీసుకుంటది, నాలుగూ కలిపి 29. తీగలో వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతది కాబట్టి ఆ వేడి సుమారు 30 శాతం తగ్గుతది. మిగిలిన ఆరు ఆంపియర్లలో ఫేజుకొక 1,200 వాట్ల ఇండక్షన్ పొయ్యి పడుతది. మోటరు తినే యూనిట్లు మాత్రం తగ్గవు, అట్ల చెప్పి అమ్మేటోళ్లను నమ్మకండి.

మరి కెపాసిటర్ ఎందుకు పెట్టరు? మన తెలంగాణల 2018 జనవరి 1 నుంచి సాగుకు 24 గంటల ఉచిత కరెంటు, బిల్లు రాదు, పట్టింపు ఉండదు. ఉబ్బిన కెపాసిటర్ డబ్బా ఏండ్ల తరబడి అట్లనే వేలాడుతది. మీరు ముట్టకండి, కరెంటు తీసినా అందులో షాక్ నిలిచి ఉంటది. ఇంకో తిప్పలు ఆటో స్టార్టర్, మోటరును తనంత తానే నడిపించే డబ్బా. పోయిన కరెంటు రాంగనే అన్ని మోటర్లు ఒక్కసారే లేస్తయి, లేచేటప్పుడు మామూలుకు అయిదారింతలు గుంజుతయి. ఫ్యూజు ఎగిరేది, కాయిల్ కాలేది అప్పుడే.

ఇంట్లో సంగతి సులువు. 75 వాట్ల పాత ఫ్యాన్లు నాలుగు తీసి 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు (తక్కువ కరెంటు తినే కొత్త రకం మోటరువి) పెడితే, రోజుకు 12 గంటల లెక్కన రెండు యూనిట్లకు పైనే మిగులుతయి. కరెంటు స్కూటరు 50 కిలోమీటర్లు తిరగను అది చాలు. ఇండక్షన్ మీద రెండు లీటర్ల నీళ్లు మరగాలంటే సుమారు 0.2 యూనిట్, అదీ మూత పెడితేనే.

పొయ్యికి 16 ఆంపియర్ల సాకెట్ విడిగా వేయించమని నాన్నకు చెప్పండి, పొడిగింపు బోర్డు కాలిపోతది. సిల్వర్ (అల్యూమినియం) గిన్నె ఇండక్షన్ పొయ్యి మీద వేడెక్కదు. అడుగుకు అయస్కాంతం పెట్టి చూడండి, అతుక్కుంటేనే ఆ గిన్నె పనికొస్తది.

మీ తాత